సర్వే రిపోర్టు వచ్చాక పడవ ధర ఎంత తగ్గించమనాలి?

ప్రశ్న: మేము మేరీల్యాండ్‌లో బాల్టిమోర్ దగ్గర ఉంటున్నాం. అనాపొలిస్‌లో ఒక పెద్దాయన బ్రోకరు ద్వారా అమ్మకానికి పెట్టిన 1986 నాటి కాటలీనా 30 తెరచాప పడవను 15,500 డాలర్లకు మాట్లాడుకుని, 1,550 డాలర్లు బయానా కట్టాను. కొనేముందు నిపుణుడి చేత పడవను పరీక్ష చేయించే సర్వేకు 750, పడవను నీటిలోంచి పైకి ఎత్తించడానికి 400 ఖర్చయ్యాయి. రిపోర్టులో ముప్పైకి పైగా లోపాలు రాశారు. ఇప్పుడున్న స్థితిలో పడవ విలువ 12,500 అని తేల్చారు. నేను యార్డులో అడిగి అంచనాలు వేయించాను. స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలకు 4,200, ఎడమ పక్క డెక్‌లో తడిసిన చోటికి 1,100, పడవ అడుగున ఉండే బరువైన కీల్ అతుకు దగ్గర పగులుకు 900, బిగుసుకుపోయిన రెండు వాల్వులకు 500, ప్రొపెల్లర్ షాఫ్టు బేరింగుకు 400, పాత పెద్ద తెరచాపకు 1,600, కరెంటు సాకెట్టుకు 200, ఆపదలో సంకేతంగా వెలిగించే ఫ్లేర్లూ మంటలార్పే సిలిండర్లూ వగైరాకు 300, మొత్తం 9,200 తేలింది. "అంతా తగ్గించమను, కాదంటే లేచి వచ్చెయ్" అంటున్నాడు మా బావమరిది. పాత పడవలన్నీ ఇలాగే ఉంటాయని బ్రోకరు అంటున్నాడు. రిపోర్టు మాట ఎత్తగానే పెద్దాయనకు కోపం వచ్చిందట. నా నిర్ణయం చెప్పడానికి ఇంకా 6 రోజుల గడువుంది. ఎంత అడగాలి, ఎలా అడగాలి? లేక పెట్టిన 1,150 పోతే పోయిందని వదిలెయ్యాలా?
— బాల్టిమోర్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ కూడికలో తప్పు లేదు గానీ, ఆ 9,200లో సగం అడగదగినది కాదు. 4,600 తగ్గించమని అడగండి. 3,500 దగ్గర బేరం తెగితే సంతోషంగా ఒప్పుకోండి. 3,000 తగ్గించడానికి కూడా ఆయన రాకపోతే బయానా వెనక్కి తీసుకుని వదిలెయ్యండి. ఈ అంకెలు ఎలా వచ్చాయో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కోపంగా ఉన్న మనిషి ముందు అంకె ఒక్కటే నిలబడదు, దాని వెనుక చెప్పుకోగల కారణం ఉండాలి.

ముందుగా, మీరు 15,500 అన్నది దాదాపు నలభై ఏళ్ల వయసున్న పడవకు. పడవ చూడడానికి వెళ్లిన రోజునే పెద్ద తెరచాప వెలిసిపోయి, సాగిపోయి ఉండడం మీ కంటికి కనబడే ఉంటుంది. అలా కళ్లారా చూసి ఒప్పుకున్న ధరలోంచి అదే తెరచాప పేరు చెప్పి మళ్లీ 1,600 తీసెయ్యమనడం ఒకే వస్తువుకు రెండుసార్లు తగ్గింపు అడగడమే అవుతుంది. సర్వే తర్వాత చేసే బేరంలో చోటు దొరకవలసినవి మూడే రకాలు: మీరు ధర చెప్పేనాటికి తెలిసే అవకాశం లేనివి, అమ్మకపు ప్రకటనలో రాసినదానికి విరుద్ధంగా తేలినవి, సరిచేయకుండా పడవను వాడడం ప్రమాదమైనవి. అరిగిపోయి మారుతూ ఉండే సరుకులు ఈ లెక్కలోకి రావు. ఫ్లేర్లకు తయారైన తేదీ నుంచి 42 నెలలే ఆయువు, పారేసే రకం మంటలార్పే సిలిండర్లకు 12 ఏళ్లు. ఇవి ఎవరు కొన్నా ఎప్పటికప్పుడు మార్చుకోవలసినవే. 15,500 డాలర్ల బేరంలో ఫ్లేర్ల మాట ఎత్తితే, మిగతా న్యాయమైన కోరికలు కూడా పీనాసితనంగా కనిపించే ప్రమాదముంది. షాఫ్టు బేరింగు కూడా ఈ జాబితాలోదే కాబట్టి దాన్నీ మీ మీదే వేసుకోండి.

రిపోర్టులో ముప్పైకి పైగా లోపాలున్నాయని మీరు కంగారుపడినట్టున్నారు. సర్వేయర్లు సాధారణంగా ఏబీవైసీ అనే సంస్థ రూపొందించిన ఇప్పటి ప్రమాణాలను దగ్గర పెట్టుకుని చూస్తారు. ఆ ప్రమాణాలు చాలావరకు స్వచ్ఛందమైనవి, పైగా ఏళ్ల తరబడి మారుతూ వచ్చినవి. 1986లో సక్రమంగా తయారైన పడవ ఇప్పటి కొలమానంతో చూస్తే పది పదిహేను చోట్ల తప్పడం సహజం. "ప్రస్తుత ప్రమాణానికి అనుగుణంగా లేదు" అన్న వాక్యం "పాడైపోయింది" అన్న వాక్యంతో సమానం కాదు. మీ కరెంటు సాకెట్టు విషయం ఏ వాక్యం కింద వచ్చిందో ఒకసారి చూసుకోండి. నల్లగా కాలిన గుర్తులుంటే వెంటనే మార్చాలి, లేకపోతే అది తీరిగ్గా చేసుకునే పని. రెండు విధాలా బేరంలో పెట్టేంత పెద్దది కాదు.

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది హోం ఇన్‌స్పెక్షన్ తర్వాత అలవాటైన పద్ధతినే పడవకూ వాడబోతారు. జాబితా అంతా అమ్మేవారి ముందు పెట్టి వరసగా ఒక్కొక్కటీ గీచి గీచి అడుగుతారు. ఇంటి విషయంలో పెట్టిన మరమ్మతు ఖర్చులో కొంతైనా తర్వాత అమ్మేటప్పుడు తిరిగి వస్తుంది. ముప్పై అడుగుల పాత పడవ మీద 9,200 ఖర్చుపెట్టినా దాని వెల 9,200 పెరగదు. ఈ సంగతి అమ్మే ఆయనకూ తెలుసు, మీకూ తెలియాలి, ఎందుకంటే ఇది ఇద్దరికీ వర్తిస్తుంది: తాను పెట్టిన ఖర్చంతా రావాలని ఆయన అడగలేడు, మీరు పెట్టబోయే ఖర్చంతా ఆయన భరించాలని మీరూ అడగలేరు.

ఇక అసలైన అంశాలకు వద్దాం. అన్నిటికంటే పెద్దది తీగలది. మీరు ఉత్తరంతో పాటు పంపిన ప్రకటన కాపీలో "2017లో తీగలన్నీ కొత్తవి" అని స్పష్టంగా ఉంది. సర్వేయర్ మాత్రం ముందు తీగ ఒక్కటే కొత్తదనీ, పక్క తీగలు చాలా పాతవనీ, వాటిలో రెండింటి కింది ఫిట్టింగుల మీద వెంట్రుకంత సన్నటి పగుళ్లు ఉన్నాయనీ రాశారు. తీగ వెంట జారిన ఉప్పునీరు కింది ఫిట్టింగులోకి దిగి అక్కడే నిలిచిపోతుంది కాబట్టి తుప్పూ పగుళ్లూ పైకంటే కిందే ముందు పుడతాయి. ఒక్క ఫిట్టింగు తెగినా గాలి బలంగా ఉన్నప్పుడు స్తంభం మొత్తం కూలుతుంది. అందువల్ల వీటిని మార్చకుండా నీటిలోకి దిగడమన్న మాటే లేదు. ఆ పెద్దాయన కావాలని అబద్ధం రాశాడని మాత్రం అనుకోకండి. ముందు తెరచాపను చుట్టే ఫర్లర్ కొత్తది వేయించినప్పుడు దానితో పాటు ముందు తీగ మారుస్తారు, ఆ బిల్లు చూసుకుని ప్రకటనలో అలా రాసి ఉండవచ్చు. 2017 నాటి బిల్లు ఉంటే చూపించమని మర్యాదగా అడగండి. బిల్లు చూడగానే సంగతి ఆయనకే అర్థమవుతుంది, మీరు నోరు చేసుకోనక్కరలేదు.

అయినా 4,200 మొత్తం అడగడం న్యాయం కాదు. ప్రకటనలో రాసిన మాట అక్షరాలా నిజమైనా మీకు దక్కేవి 2017 నాటి తీగలే తప్ప సరికొత్తవి కావు. ఉప్పునీటి ప్రాంతాల్లో ఇలాంటి తీగల ఆయుష్షు పది నుంచి పదిహేనేళ్లని సాధారణంగా లెక్కవేస్తారు. అంటే అందులో సగానికి పైగా అప్పటికే గడిచిపోయి ఉండేది, ఇంకొన్నేళ్లలో మీరే మార్చవలసి వచ్చేది. ఇప్పుడు సరికొత్తవి వేయిస్తే ఆ అదనపు ఏళ్లన్నీ మీవి. కాబట్టి ఖర్చులో సగం, అంటే 2,100 అడగండి. సగమే ఎందుకు అడుగుతున్నారో కూడా రాయండి. తనకు రావలసిన న్యాయాన్ని ఎదుటివాడే లెక్కగట్టి ఇచ్చాడని చూసినప్పుడు కోపంగా ఉన్న మనిషి కూడా మెత్తబడతాడు.

కీల్ దగ్గరి పగులు కాటలీనా 30 యజమానులకు బాగా తెలిసిన సంగతి. అక్కడివాళ్లు దాన్ని "కాటలీనా చిరునవ్వు" అని పిలుస్తారు, ఎందుకంటే హల్‌కూ (పడవ దేహానికీ) సీసపు కీల్‌కూ మధ్య అతుకు ముందు భాగంలో అది వంకరగా నవ్వినట్టు తెరుచుకుంటుంది. ఆ మోడల్ తొలినాళ్ల పడవల్లో కీల్‌ను బిగించే చోట ఫైబర్‌గ్లాసు మధ్య ప్లైవుడ్ పెట్టారు. నీరు చేరి ఆ చెక్క మెత్తబడితే బోల్టులు ఎంత బిగించినా నిలవదు. బోల్టుల బిగువు కాస్త సడలడం వల్ల పుట్టిన పగులు మాత్రం శుభ్రం చేసి, బిగించి, పూడ్చితే సరిపోతుంది. మీకు వచ్చిన 900 అంచనా ఈ రెండో రకం పగులుకు. మొదటి రకమైతే ఖర్చు అనేక రెట్లు పెరుగుతుంది. తేడా తెలుసుకునే పద్ధతులున్నాయి. పడవ కీల్ మీద ఆనుకుని నేలమీద నిలబడి ఉన్నప్పుడు బరువుకు పగులు మూసుకుపోతుంది, బెల్టులకు వేలాడుతున్నప్పుడు కీల్ బరువుకు తెరుచుకుంటుంది. వేలాడుతున్నప్పుడు తీసిన ఫొటోలు ఉన్నాయా అని సర్వేయర్‌ను అడగండి. పైకి ఎత్తిన కొన్ని గంటల తర్వాత కూడా అతుకులోంచి నీరు కారుతూ ఉన్నదా, ఆ నీటిలో తుప్పు రంగు ఉన్నదా, లోపల బోల్టుల చుట్టూ ఏమైనా కనిపించిందా అన్నది కూడా తెలుసుకోండి. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే ధర మాట్లాడకండి. యార్డువాళ్ల చేత ఆ అతుకు తెరిపించి చూడడానికి గడువును మరో పది రోజులు రాతపూర్వకంగా పొడిగించమనండి. తెరిపించే ఖర్చు మీరే పెట్టుకోండి. ఖర్చు ఎంతో తెలియని లోపానికి ధర కట్టుకోవడం కంటే తెలుసుకోవడానికి ఖర్చుపెట్టడం చౌక. జవాబులు బాగుంటే 900 పూర్తిగా అడగండి, నీటిలో ఉన్న పడవను చూసి కొనేవాడికి అది కనిపించే మార్గం లేదు కదా.

డెక్‌లో తడిసిన చోటు పూర్తిగా అమ్మే ఆయన లెక్కలోదే. తీగను పట్టుకునే లోహపు పట్టీ డెక్‌లోంచి కిందికి దిగే సందులో సీలు పోయి నీరు లోపలి చెక్కలోకి పాకిందని రిపోర్టులో ఉంది. చిన్న ప్లాస్టిక్ సుత్తితో తట్టినప్పుడు రెండు అరచేతులంత మేర గట్టి శబ్దం బదులు బోలు శబ్దం వచ్చిందని రాసి, తేమ కొలిచే మీటరు రీడింగు కూడా ఇచ్చారు. కేబిన్ లోపల మరక లేదన్నారు కాబట్టి ఇది ఆయనకూ తెలిసి ఉండకపోవచ్చు. తెలిసినా తెలియకపోయినా మీకు కనిపించనిది కాబట్టి 1,100 అడగండి. పడవ అడుగు భాగంలో కూడా తేమ ఎక్కువగా ఉందని అదే రిపోర్టులో ఇంకోచోట రాశారు, దాన్ని మాత్రం వాడుకోకండి. నీటిలోంచి అప్పుడే పైకి తీసిన పడవ అడుగున తేమ మీటరు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, బ్రోకరుకు ఆ సంగతి తెలుసు, మీ మాటకున్న విలువ ఆ ఒక్క వాక్యంతో పోతుంది.

వాల్వుల మీద పెద్ద చర్చ అవసరం లేదు. గొట్టం ఊడితే నీటిని ఆపవలసిన వాల్వు తిరగకపోతే పడవ మునుగుతుంది. 500 పూర్తిగా అడగండి.

ఇప్పుడు కూడి చూడండి: 2,100, 1,100, 900, 500 కలిపితే 4,600. అంటే మీరు కొత్తగా ఇవ్వజూపే ధర 10,900. తగ్గింపులో ఇది పై హద్దు. కింది హద్దు సర్వేయర్ చెప్పిన 12,500. ఆ అంకెలో ఈ లోపాలన్నీ లెక్కలోకి వచ్చేశాయి కాబట్టి, ఉన్నదున్నట్టు పడవకు అంతకు మించి చెల్లించడానికి మీకు కారణం లేదు. రెండింటి మధ్య 12,000 దగ్గర ఆగితే ఇద్దరూ తలెత్తుకుని బయటికి వస్తారు. మేరీల్యాండ్‌లో పడవ కొనుగోలు మీద 5 శాతం ఎక్సైజ్ పన్ను ఉంది, ధర 3,500 తగ్గితే పన్నులో కూడా 175 మిగులుతుంది.

కొందరు ధర తగ్గించడానికి బదులు "నేనే బాగుచేయించి ఇస్తాను" అంటారు. మీ పెద్దాయన అలా అంటే వినయంగా వద్దనండి. వదిలించుకోబోయే వస్తువుకు ఎవరైనా అతి తక్కువలో అయ్యే పనే చేయిస్తారు, అది మానవ స్వభావం. తీగలు ఎవరు వేస్తారు, ఏ నాణ్యతవి వేస్తారు అన్నది స్తంభం కింద కూర్చోబోయే మీరే నిర్ణయించుకోవాలి.

బ్రోకరు గురించి మీరు కాస్త విసుగ్గా రాశారు. అతని కమిషన్ అమ్మే ఆయన ఇస్తాడు, మామూలుగా పది శాతం. అందువల్ల అతను మీ పక్షం కాదన్నది నిజమే. కానీ లెక్క వేసి చూస్తే, ధర 3,500 తగ్గితే అతనికి పోయేది 350, బేరమే చెడిపోతే పోయేది 1,200. పైగా ఈ లోపాలన్నీ ఇప్పుడు అతనికి తెలిశాయి కాబట్టి తర్వాత వచ్చే కొనుగోలుదారు దగ్గర వాటిని దాచడం అతనికి ఇబ్బందే. అనాపొలిస్ ఉన్న చెసపీక్ బే తీరంలో అక్టోబరు దాటిందంటే ఇంజన్‌లో నీరు గడ్డకట్టకుండా సిద్ధం చేయడానికీ, యార్డులో చలికాలమంతా పడవను పైన నిలిపి ఉంచడానికీ డబ్బు కట్టవలసింది యజమానే. వసంతకాలం దాకా మరో కొనుగోలుదారు కోసం కూర్చోవడం ఆయనకు సుఖం కాదు. ఈ విషయాలేవీ మీ నోటితో చెప్పకండి, బెదిరింపులా వినిపిస్తాయి. బ్రోకరే చెప్పుకుంటాడు.

మీ బావమరిది చెప్పిన పద్ధతికి నేను ఒప్పుకోను. సంతలో సగానికి సగం అడిగి ముప్పావుకు తెచ్చుకోవడం ఒక ఆట, అక్కడ అమ్మేవాడికీ ఆ ఆట తెలుసు. దశాబ్దాలుగా తాను నడిపిన పడవ గురించి ఒక పెద్దాయనతో 6,300 అంటే, ఆయన ఎదురు ధర కూడా చెప్పకుండా ఫోను పెట్టేస్తాడు.

రిపోర్టు మొత్తం పంపకండి. అది మీరు డబ్బిచ్చి తెచ్చుకున్నది, మీ సొత్తు. పైగా ముప్పై లోపాల జాబితా చదివితే ఆయనకు కోపం ఇంకా పెరుగుతుంది. ఈ నాలుగు అంశాలకు సంబంధించిన పేజీలూ, ఫొటోలూ, యార్డు అంచనాలూ మాత్రం బ్రోకరు ద్వారా పంపండి. పైన ఒక చిన్న ఉత్తరం ఉండాలి. మీరు ఇంగ్లీషులోనే రాస్తారు గానీ దాని సారం ఇలా ఉంటే మంచిది: "మీ పడవ నాకు నచ్చింది, కొనాలనే ఉంది. ఇంత కాలం మీరు దాన్ని శ్రద్ధగా చూసుకున్నారని ఇంజన్ గది చూస్తేనే తెలుస్తోంది. సర్వేలో నాలుగు విషయాలు కొత్తగా బయటపడ్డాయి. మిగతా చిన్న చిన్న పనులన్నీ నా ఖర్చుతో నేను చూసుకుంటాను. తీగల ఖర్చులో సగం, మిగతా మూడింటికి పూర్తిగా లెక్కవేసి 10,900కు ఈ కొనుగోలు పూర్తిచేయడానికి సిద్ధంగా ఉన్నాను." ఇంజన్ గది మాట మీ రిపోర్టులో ఉన్నదే, అందుకే రాయమంటున్నాను. లేని పొగడ్తలు పెట్టకండి.

ఆయన 14,500 అనో, 14,000 అనో ఎదురు ధర చెబితే వెంటనే మధ్యకు చీల్చి ఒప్పుకోకండి. ఏ అంశం దగ్గర తేడా ఉందో అడగండి. వాల్వులు తానే భరించనంటే ఆ 500 వదులుకోండి. డెక్ ఖర్చులో సగం మీరు పెట్టుకోవడానికి కూడా సిద్ధపడవచ్చు. తీగల దగ్గర మాత్రం కదలకండి, ఎందుకంటే అక్కడ ఆయన రాసిన మాట మీ చేతిలో ఉంది.

ఈలోగా చేయవలసిన ఇంకో పని, రిపోర్టును బీమా కంపెనీకి పంపి చూడడం. ఈ వయసు పడవలకు సర్వే చూడకుండా బీమా ఇచ్చేవారు అరుదు. తీగలూ వాల్వులూ బాగుచేసేదాకా పాలసీ ఇవ్వమని వాళ్లు రాతపూర్వకంగా చెబితే, ఆ కాగితం మీ ఉత్తరం కంటే బలంగా మాట్లాడుతుంది. మెరీనాలు కూడా బీమా కాగితం అడుగుతాయి.

1,150 పోతుందన్న బాధను మాత్రం ఈ లెక్కలోకి రానివ్వకండి. ఆ డబ్బు మీరు పెట్టింది పడవ కొనడానికి కాదు, కొనాలో వద్దో తెలుసుకోవడానికి, తెలుసుకున్నారు కూడా. దాన్ని రాబట్టుకోవడం కోసం 14,000 ఇచ్చి కొంటే, ఆ మీద తీగలకు 4,200 కూడా మీరే పెట్టుకుంటారు.

గడువు విషయంలో అశ్రద్ధ వద్దు. ఈరోజే ఒప్పందం తీసి, ఆ తేదీలోగా మీరు ఏమీ చెప్పకపోతే తిరస్కరించినట్టా, అంగీకరించినట్టా అన్నది చదవండి. చాలా ఒప్పందాల్లో తిరస్కరించినట్టే అని ఉంటుంది గానీ మీ ఒప్పందంలో ఉన్నదే చెల్లుతుంది. ఉత్తరం ఎల్లుండిలోగా పంపితే ఆయన కోపం చల్లారడానికి, ఎదురు ధర రావడానికి మూడు నాలుగు రోజులు మిగులుతాయి. ఫోనులో కుదిరిన మాట లెక్కలోకి రాదు. కొత్త ధరతో షరతుల అంగీకార పత్రం మీద ఇద్దరి సంతకాలూ పడాలి, లేదా గడువు పొడిగింపు మీద పడాలి. ఆఖరి రోజు మధ్యాహ్నానికి కూడా ఆయన 12,500కు రాకపోతే, తిరస్కరిస్తున్నానని ఒక వాక్యం రాసి బ్రోకరుకు పంపి, బయానా 1,550 తిరిగి పంపమని అదే ఉత్తరంలో అడగండి.